ప్రసన్నకుమారి ఒక్కొక్కటే మార్చింది

భీమవరం జువ్వలపాలెం రోడ్డులో మా ఎదురింటి ప్రసన్నకుమారి పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. కెమెరాలు పట్టుకుని మండపాల్లో తిరిగేవాళ్లు వేరు. వాళ్లు తెచ్చిచ్చిన కెమెరా కార్డుల్లోంచి ఏడుపులూ నవ్వులూ ఏరి సినిమాలా కుట్టేది ఈవిడ. ఇంటి ముందుగదే ఆఫీసు. వాళ్లాయన చంద్రరావు ఐస్ ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు.

మొన్న మాఘమాసంలో పెద్దిరాజు గారు వాళ్లమ్మాయి దేవిశ్రీ పెళ్లికి ఒక ముచ్చట పడ్డారు. పొద్దున్న జరిగిన పెళ్లిని సాయంత్రం రిసెప్షన్లో పెద్ద తెర మీద చూపించాలట. పెద్ద స్టూడియో వాళ్లు కుదరదన్నారు. ప్రసన్నకుమారి మాత్రం పదిమందిలో కూర్చుని "చేసిస్తానండి" అనేసింది. అదే గదిలో స్టూడియో ఆయన కూడా ఉన్నాడు, చిన్న నవ్వొకటి నవ్వాడు. ఆ నవ్వు ఈవిడకి ఇంటిదాకా గుచ్చుకుంటూనే వచ్చింది.

వచ్చాక కూర్చుని చూసుకుంది. ఎడిటింగ్ ఎంత తొందరగా చేసినా నాలుగున్నరవుతుంది. ఆరున్నరకి తెర వెలగాలి. మధ్యలో ఉన్నది రెండు గంటలు. కోసిన ముక్కలన్నీ కలిపి ఒక్క సినిమాగా బయటికి తియ్యడాన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు. ఆ ఒక్క పనికే ఆవిడ కంప్యూటరు రెండుంబావు గంటలు తీసుకుంటుంది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేసే తమ్ముడు అచ్చిబాబుని పిలిచింది. లోపల పనంతా చేసే చిప్పుని ప్రాసెసర్ అంటారు కదా, దానికి కంపెనీవాళ్లు ఒక వేగం పెట్టి పంపుతారట. కొన్ని రకాలకి ఆ వేగం మనమే పెంచుకోవచ్చట, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారట. అచ్చిబాబు ఓ అరగంట కూర్చుని ముప్పై ఏడు మీదున్న ప్రాసెసర్ వేగం అంకెని నలభై ఎనిమిదికి తోశాడు. పన్లో పనిగా మెమరీ వేగమూ పెంచాడు, వోల్టేజీ కూడా ఎక్కించాడు. "ఇంక గుర్రమేనక్కా" అని టీ తాగి వెళ్లిపోయాడు.

గుర్రం బాగానే బయల్దేరింది. ప్రయత్నించి చూద్దామని పాత పెళ్లి ఒకటి, తాడేపల్లిగూడెం గణేష్‌బాబుది, ఎక్స్‌పోర్ట్ పెట్టింది. అరవై శాతం దగ్గర తెర నీలంగా మారి కంప్యూటరు ఆగిపోయింది. మళ్లీ పెడితే ఎనభై ఐదు దాకా వెళ్లింది. మూడోసారి నలభైకే చతికిలబడింది. దేవిశ్రీ పెళ్లికి ఇంకా అయిదు రోజులే ఉంది.

మా వీధిలో సలహా చెప్పనివాడు పాపాత్ముడు. అందరూ ఒకటే మాట, వేడెక్కిపోతోందని. మేమూ అదే అన్నాం. చంద్రరావు మరీను. వ్యానులోంచి సగం ఐసు దిమ్మ దింపి, బేసిన్లో పెట్టి, దాని వెనక టేబుల్ ఫ్యాను పెట్టి, ఆ గాలి కంప్యూటరు మీదికి తిప్పాడు. గదిలో దుప్పటి కప్పుకుని కూర్చోవాల్సొచ్చింది. కంప్యూటరు పెట్టెకి చెమట పట్టింది. వేడి చూపించే అంకె యాభై ఎనిమిదికి దిగింది. అయినా డెబ్భై శాతం దగ్గర టక్కున ఆగిపోయింది.

ప్రసన్నకుమారి లేచి ఫ్యాను కట్టేసింది. "ఏవండీ, ముందు ఆ ఐసు తీసెయ్యండి. లోపల తడి చేరిందంటే ఉన్నది కూడా పోతుంది. ఇంత చల్లగా ఉండి కూడా ఆగిందంటే దీని రోగం వేడి కాదు."

"మరేంటంటావు?"

"తెలీదు. మూడు మందులు ఒకేసారి పోశాక ఏది వికటించిందో ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట వాళ్ల నాన్నది. ఆయన ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువు చేసేవాడు. మేత పెంచిన రోజు మందు మార్చనిచ్చేవాడు కాదు. చెక్ ట్రే అని చిన్న వల పళ్లెంలో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలాగి పైకి తీసి, తిన్నాయో లేదో చూశాకే ఇంకో గుప్పెడు. ఒక పూట తిన్నాయని నమ్మేవాడూ కాదు, వరసగా మూడు పూటలు చూడాలనేవాడు.

ఈవిడ గోడ క్యాలెండరు తీసి వెనక్కి తిప్పి, ఒక్కో ప్రయత్నం దాని మీద రాసుకుంటూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అచ్చిబాబు పెట్టినవన్నీ తీసేసి పాత వేగంలోనే నడిపింది. నిమ్మళంగా పూర్తయింది. అంటే కంప్యూటరు మంచిదే. తరవాత మెమరీ ఒక్కటే పెంచింది, మిగతావేవీ ముట్టుకోలేదు. సగంలోనే నీలం తెర. దొంగ దొరికింది. మెమరీని దాని పాత వేగానికి దింపేసి, ఇంక దాని జోలికి పోలేదు. అప్పుడు వోల్టేజీ పెంచకుండా ప్రాసెసరు ఒక్కటే. నలభై నాలుగు పెట్టింది, నడిచింది. నలభై ఆరు, నడిచింది. నలభై ఎనిమిది పెడితే రెండుసార్లు నడిచి మూడోసారి ఆగింది. నలభై ఆరుకి దిగి ఇంకో రెండుసార్లు, మొత్తం మూడుసార్లు పూర్తిచేయించింది. గంటా నలభై అయిదు నిమిషాలు. ప్రతిసారీ అదే గణేష్‌బాబు. ఆ వారంలో అతనికి మా వీధిలో పదమూడు పెళ్లిళ్లయ్యాయి, జీలకర్రా బెల్లం ఎప్పుడొస్తుందో మా పిల్లలు ముందే చెప్పేసేవారు.

పెళ్లి రోజు రానే వచ్చింది. కెమెరా కార్డులు రావడం ఆలస్యమై, ఎడిటింగ్ నాలుగూ యాభైకి గానీ తెమల్లేదు. నలభై ఆరు మీద పెడితే ఆరూ ముప్పై ఐదవుతుంది, మండపానికి తీసుకెళ్లడం ఇంకో పావుగంట. అచ్చిబాబు ఫోన్ చేశాడు. నలభై ఎనిమిది మీద పెడితే నాలుగైదు నిమిషాలు కలిసొస్తాయి కదక్కా, మూడింట రెండుసార్లు నడిచింది కదా అన్నాడు.

"ఒరే, ఆ మూడోసారి ఇవాళే అయితే? నాకు ఆలస్యమయితే తిడతారు. ఆగిపోతే నవ్వుతారు. నేను తిట్లే తింటాను."

నలభై ఆరు మీదే పెట్టి, పెద్దిరాజు గారికి ఫోన్ చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, ఇరవై నిమిషాలు ఆలస్యమవుతుందండి, ఈలోగా ఎవరిచేతనైనా నాలుగు మాటలు మాట్లాడించండి అని.

ఆయన "ఆయ్, ఇరవై నిమిషాలేనాండి? మా బావగారికి మైకిస్తే చాలండి, మీరు కంగారు పడకండి" అన్నారు.

నూరు శాతం పడగానే ఆవిడ సినిమాని పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. చంద్రరావు ఐసు వ్యాను హారన్ కొట్టుకుంటూ మండపానికి వెళ్లింది, ముందు సీట్లో ప్రసన్నకుమారి డ్రైవు చీరకొంగులో ముడేసుకుని కూర్చుంది. ఆరూ యాభైకి లోపల అడుగుపెట్టింది. తెర దగ్గర అంతా సిద్ధంగా ఉంది.

సినిమా మాత్రం ఏడుంబావుకి గానీ మొదలవలేదు. బావగారు మైకు వదల్లేదు.