పాతిక జొన్నగింజల మూట

మా చిన్నప్పుడు... పురట్టాసి నెల వానలకు ముందు మా అవ్వ విత్తన జొన్నలకు పరీక్ష పెట్టేది. సాత్తూరు పక్కన నల్లరేగడి ఊరు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగులోనూ 'నేనే' అనడానికి 'నేనుదా', 'ఊరికే' అనడానికి 'సుమ్మా' దొర్లేవి.

బూడిద కలిపి కుండలో దాచిన విత్తనాల్లోంచి పాతిక గింజలు తీసి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి పక్క గూట్లో పెట్టేది. మూడో రోజు విప్పేది. ఇరవై మొలిస్తే ఆ కుండ చేనుకి... లేకపోతే మేకలకి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఏదైనా మూసి ఉంటే చేతులు ఊరుకునేవి కావు. అవ్వ దొడ్లోకి వెళ్లడం ఆలస్యం, మూట విప్పేదాన్ని. పొద్దున ఒకసారి, బడి నుంచి రాగానే ఇంకోసారి. మొలక కనపడకపోతే గోటితో గిల్లి కూడా చూశాను. ఒకసారి గింజల్ని ఎండలో పరిచి మరిచిపోయాను కూడా.

మూడో రోజు అవ్వ విప్పితే ఏడే మొలిచాయి.

నాయన ముఖం వాడిపోయింది. మంచి కంకులు ఏరి ఏరి అవ్వ దాచిన విత్తనం అది.

"సరి, కుండ మేకలకి పోసెయ్యండి. వేరే ఎవురినన్నా అడిగి తెస్తా" అంటూ లేచాడు. అప్పటికే మబ్బు పట్టింది. వాన పడ్డాక విత్తనం కోసం తిరుగుతూ కూర్చుంటే అదును పోతుంది.

మూట విప్పింది నేనని నాకు తెలుసు. చెప్తే వీపు పగులుతుంది. చెప్పకపోతే మంచి విత్తనమంతా మేకల కడుపులోకి...

"నేనుదా విప్పినా అవ్వా... దినమూ విప్పినా."

అవ్వ కొట్టలేదు. గిల్లిన గింజ ఒకటి అరచేతిలో వేసుకుని చూసింది.

"సూడాలంటే సూడు పాపా. సుమ్మా సుమ్మా గిల్లతా ఉంటే అది ఎట్లా మొలుస్తాది?"

ఆ సాయంత్రమే కుండలోంచి మళ్లీ తీసి రెండు మూటలు కట్టింది. ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఇది నీది, ఎన్నిసార్లయినా విప్పుకో. గూట్లోది ముట్టగూడదు."

నా మూట మళ్లీ చెడింది. కానీ గింజ ముందు వేరు వేస్తుందని, ఆకు తర్వాతేనని నేను తెలుసుకున్నది అందులోనే. గూట్లో మూటలో ఇరవైమూడు మొలిచాయి. నాయన ఆ కుండతోనే విత్తాడు. ఆ రోజు పడ్డ సంతోషం మళ్లీ ఏ పరీక్ష పాసైనా పడలేదు.

అవ్వ లేదు. విత్తనాలు ఇప్పుడు ప్యాకెట్లలో వస్తున్నాయి. నేను కోవిల్‌పట్టిలో ఉంటూ నిమిషానికోసారి ఫోన్ తెరిచి చూస్తుంటాను.

ఈ మధ్యే నా కూతురు కాలేజీ హాస్టల్లో చేరింది. తిన్నావా, స్నేహితులు దొరికారా, పాఠాలు అర్థమవుతున్నాయా అని రోజుకు ఐదుసార్లు ఫోన్ చేస్తున్నాను. అవ్వ మూటల కథ దానికి చిన్నప్పుడే చెప్పాను. నిన్న నవ్వుతూ అంది...

"అమ్మా, నేను గూట్లో మూటనుదా. కొన్నాళ్లు ముట్టగూడదు."

ఫోన్ పెట్టేశాను. ఇవాళ ఇంకా చేయలేదు... చేతులు మాత్రం ఊరుకోవడం లేదు.

మీ ఇంట్లోనూ ముట్టగూడనిది ఏదో ఉండే ఉంటుంది... మీరు ఆగారా, విప్పారా?