చదివి వినిపించని గడి: వైరా నుంచి చర్ల అడవి దాకా

ఈ బ్లాగులో ఇప్పటిదాకా నేను రాసినవన్నీ సరదా ప్రయాణాలే. జలపాతాలు, పాత గుళ్లు, ఎక్కడ బిర్యానీ బాగుంటుంది, ఎక్కడ బాత్రూం బాగుండదు, ఇలాంటివి. ఈసారిది ఆ వరసలోది కాదు. పోయిన నెల లచ్చయ్య ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మకూ నాయినకూ రాళ్లు నిలబెడుతున్నం. ఈ ఐతారం మధ్యాన్నం. నువ్వు రావాలె" అన్నాడు. లచ్చయ్యది చర్ల దాటాక ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న చిన్న కోయ ఊరు. చనిపోయినవాళ్ల పేరున ఊరి చివర రాయి నిలబెట్టి విందు పెట్టడం అక్కడి ఆచారం. మస్కట్‌లో నాలుగేళ్లు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఒక గోదాములో నేను లెక్కలు రాసేవాణ్ని, అతను సరుకు దించేవాడు. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రోజు ఇంకే పనీ చేయబుద్ధి కాలేదు. కరోనా ఏడాది నుంచీ అతనికి చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి నా దగ్గర ఉంది. ఈసారి చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలుసు.

మాది వైరా. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. ఆదివారం పొద్దున ఐదున్నరకు ఎక్కాను. టికెట్టు నూట డెబ్బై చిల్లర. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు దాటేసరికి బాగా వెలుగొచ్చింది. కొత్తగూడెంలో పది నిమిషాలు ఆపుతారు, టీ తాగాలంటే అక్కడే తాగండి. కిటికీ సీటు దొరికింది, ఎండ ఇంకా ముదరలేదు, మామూలుగా అయితే నేను ఫోటోలు తీస్తూ పక్కవాళ్ల ప్రాణం తోడేసేవాణ్ని. ఆ పూట మాత్రం బ్యాగులో ఉన్న కవరును తడుముకుంటూ కూర్చున్నాను. అందులో పదిహేను వేలు ఉన్నాయి.

ఆ పదిహేను వేల సంగతి ఇది. కరోనా మొదలైన ఏడాది గోదాము మూతపడింది. ప్రత్యేక విమానంలో మమ్మల్ని హైదరాబాద్ పంపించారు. దిగిన వాళ్లందరూ పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండి తీరాల్సిందే. విమానాశ్రయంలో తలా ఒక ఫారం ఇచ్చారు, ఇంగ్లీషులో ఉంది. అందులో రెండు గడులు. ఒకటి ప్రభుత్వ హాస్టల్, డబ్బు కట్టనక్కర్లేదు. రెండోది హోటల్, తిండితో కలిపి పదిహేను వేలు. లచ్చయ్యకు ఇంగ్లీషు రాదు కాబట్టి అతని ఫారం కూడా నేనే నింపాను. హాస్టల్ అనగానే నాకు వరసగా వేసిన మంచాలు, అందరికీ కలిపి ఒకటే బాత్రూం కళ్ల ముందు మెదిలాయి. భయపడ్డాను. హోటల్‌కు ఒక్కణ్నే పోవాలన్నా భయమే. పద్నాలుగు రోజులు గదిలో పడి ఉంటే పక్క గదిలోనైనా తెలిసిన మనిషి ఉండాలనిపించింది. ఇద్దరి ఫారాల్లోనూ రెండో గడిలో టిక్కు పెట్టాను. "అందరికీ ఇంతేనా అన్నా? పదిహేను వేలా?" అని లచ్చయ్య అడిగాడు. "ఇంతేరా, రూలు" అన్నాను.

అతని దగ్గర ఉన్నదే పద్దెనిమిది వేలు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అవి తండ్రి పేరున రాయి నిలబెట్టడానికి దాచిన డబ్బులని విమానంలో వచ్చేటప్పుడే నాకు చెప్పాడు. తెలిసీ ఆ పని చేశాను. ఈ వాక్యాన్ని ఇంకొంచెం మంచిగా రాయడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

తొమ్మిది కావస్తుండగా సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాం. వేసవి కదా, నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. భద్రాచలం బస్టాండులో రెండు ఇడ్లీలు తిని తొమ్మిదింపావుకు చర్ల బస్సు పట్టుకున్నాను. దుమ్ముగూడెం మీదుగా గంటన్నర పట్టింది. చర్ల సెంటర్‌లో ఆటో అతను మూడు వందలన్నాడు. నేను రెండు వందల యాభై అన్నాను. అతను నవ్వాడే తప్ప తగ్గలేదు. "రోడ్డు జూస్తే నువ్వే నాలుగొందలు ఇస్తవ్ ఎక్కన్నా" అన్నాడు. చూశాను, నిజమే.

"ఆ ఊర్ల ఏంది పని? చుట్టాలా?" అని దారిలో అడిగాడు.

"స్నేహితుడు. రాళ్లు నిలబెడుతున్నారట."

"లచ్చయ్యోళ్ల ఇంటికా? అవ్, నిన్నటిసంది ఈ తొవ్వలనే తిరుగుతున్న. బియ్యం బస్తాలు నేనే దింపిన. నాలుగున్నరకు చర్లల లాస్ట్ బస్సు. నేను ఆడనే ఉంట, నాగ్గూడ అన్నం పెడ్తరు."

బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఆరబెట్టిన కళ్లం దాటాక ఊరు వచ్చింది. ఊరి మొదట్లో ఇప్పచెట్టు కింద నాలుగు గుంజలు, పైన కొంచెం మిగిలిన ఆకు కప్పు ఉన్నాయి. లచ్చయ్య నాకు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ గుంజల వైపు చూపించి నవ్వాడు. "చూసినవా అన్నా, నా రెండో హోటల్." అప్పట్లో ఊరివాళ్లు దారికి అడ్డంగా కొమ్మలు వేశారట. క్వారంటైన్ అయిపోయిందని హైదరాబాద్‌లో అతని చేతి మీద వేసిన ముద్రను ఎవరూ నమ్మలేదు. ఆ పాకలో మళ్లీ పద్నాలుగు రోజులు ఉంచారు. రోజుకో ఇల్లు చొప్పున వంతు వేసుకుని జావ, అన్నం తెచ్చి అక్కడి బండ మీద పెట్టి వెళ్లారు. "పైస తీస్కోలే. అమ్మ రోజూ ఆ చింతచెట్టు దాక వచ్చి దూరంకెల్లి మాట్లాడేది" అన్నాడు. పదిహేను వేలు పోసి కొన్న పద్నాలుగు రోజులు ఇక్కడ లెక్కలోకే రాలేదన్నమాట. నాకు నవ్వు రాలేదు.

మిగిలిన మూడు వేలు ఆ వర్షాకాలంలోనే అయిపోయాయి. పనులు లేవు. నాయిన రాయి ఎప్పుడు పెడతావని తల్లి అడుగుతూనే ఉండేదట. మరుసటి ఏడు వానల్లో జ్వరమొచ్చి ఆమె కూడా పోయింది. "రాయి పెట్టేదాక పోయినోళ్లకు కూసునే జాగ ఉండదంటరు మావోళ్లు. ఇద్దర్నీ ఇన్నేండ్లు నిలబెట్టిన" అన్నాడు లచ్చయ్య. ఇప్పుడు కూలి డబ్బులు, తునికాకు అమ్మిన డబ్బులు కూడబెట్టి ఇద్దరికీ కలిపి చేస్తున్నాడు.

వంట దగ్గర అతని చిన్నమ్మ, అంటే తల్లి చెల్లెలు, పెద్ద గంజులో మాంసం కలుపుతోంది. లచ్చయ్య నన్ను ఆమెకు చూపించి కోయలో ఏదో చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ అన్న లేకపోతే ఆ ఎయిర్‌పోర్టులనే తప్పిపోతుంటి, కాయితాలన్నీ ఈయనే రాసిండని చెప్పిన" అన్నాడు. చిన్నమ్మ గబగబా చేయి కడుక్కుని నాకు ఆకు దొప్పలో చారు పోసి ఇచ్చింది. "తాగు బిడ్డా, ఎండల వచ్చినవ్" అంది. తాగి, బాగుందని చెప్పాను.

ఊరి చివర పాత రాళ్ల వరస ఉంది. కొన్ని నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు. ఒంటిగంటకు పది మంది కలిసి రెండు కొత్త రాళ్లను తాళ్లతో లాగి గుంతల్లో నిలబెట్టారు. నేను కూడా చెయ్యి వేశాను. తర్వాత ఒక్కొక్కరే వెళ్లి దొప్పతో ఇప్పసారా పోసి ఏదో మాట్లాడి వస్తున్నారు. నేను నమస్కారం పెట్టి వెనక్కి తిరగబోయాను. లచ్చయ్య ఆపాడు. "గట్ల ఊకె రావద్దన్నా. నువ్వెవరో చెప్పి, ఎందుకొచ్చినవో చెప్పాలె. అమ్మకు తెలుగు రాదు గదా, నువ్వు చెప్పు, నేను కోయల చెప్త."

దారి పొడుగునా నేను అనుకున్నది వేరు. అతన్ని పక్కకు తీసుకెళ్లి, కవరు చేతిలో పెట్టి, మెల్లగా చెబుదామనుకున్నాను. ఇప్పుడు రాయి ముందు నిలబెట్టి ఎందుకొచ్చావని అడుగుతున్నారు. అబద్ధం ఆడలేకపోయాను. నా పేరు చెప్పాను. "అమ్మా, ఆ ఫారంలో డబ్బు కట్టక్కర్లేని గడి ఇంకొకటి ఉంది. నీ కొడుక్కి చదివి వినిపించలేదు. నా భయం కోసం అతని డబ్బు ఖర్చు చేయించాను. ఆ డబ్బు పక్కనున్న ఆయన రాయిది. అది చెప్పడానికి వచ్చాను" అన్నాను.

లచ్చయ్య నా వైపు చూశాడు, తర్వాత నేల వైపు. వెళ్లిపోతాడేమో అనుకున్నాను. రాయి దగ్గరికి జరిగి కోయలో మొదలుపెట్టాడు. నేను చెప్పింది నాలుగు ముక్కలు. అతను చెప్పింది అంతకు మూడింతలు ఉంది. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. చిన్నమ్మ ఒకసారి నా ముఖం చూసి తల దించుకుంది. ఏం చెప్పావని నేను అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది.

అన్నాలు అయ్యాయి. నాకూ అందరితో పాటే పెట్టారు. మూడున్నరకు అతనే ఆటో దాకా వచ్చాడు. కవరు తీసి చాపాను. లచ్చయ్య దాన్ని పట్టుకుని బరువు చూస్తున్నట్టు ఒక క్షణం ఉంచుకుని, మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"అప్పుడే చెప్తే అమ్మ, మా నాయిన రాయిని చూసి పోతుండె. ఇప్పుడు ఈ పైసలు నేనేం జేసుకోను అన్నా?"

ఆటో అతనికి కిరాయి అంతకుముందే ఇచ్చేశాడట. వద్దంటే వినలేదు. "మా ఇంటికి వచ్చినోళ్లను మేమే పంపిస్తం" అన్నాడు.

నాలుగున్నర బస్సు దొరికింది. భద్రాచలంలో దర్శనం చేసుకుందామా అనుకుని మళ్లీ మానేశాను. ఇంటికొచ్చి ఇన్ని రోజులైనా ఆ కవరు బ్యాగులోనే ఉంది. క్వారంటైన్ హోటల్ ఖర్చు గురించి అప్పట్లో నేనూ అందరిలాగే గొడవ పెట్టాను, పప్పు నీళ్లలా ఉందని ఫోటో కూడా పెట్టాను. నాకది పదిహేను వేలతో పోయింది. లచ్చయ్య వాళ్లమ్మ మాత్రం అడుగుతూ అడుగుతూనే పోయింది. ఆ తప్పు హోటల్‌ది కాదు, రూలుదీ కాదు, పెన్ను పట్టుకున్న నాది.

ఆ వైపు వెళ్లేవాళ్లు చర్ల నుంచి తిరుగు బస్సు వేళను పొద్దున దిగినప్పుడే అడిగి పెట్టుకోండి. ఇంకొకటి కూడా. బస్టాండులోనో బ్యాంకులోనో విమానాశ్రయంలోనో ఎవరైనా తమ కాగితం మీ చేతికిచ్చి నింపమంటే, అన్ని గడులూ చదివి వినిపించండి. టిక్కు ఎక్కడ పెట్టాలో వాళ్లనే చెప్పనివ్వండి.