అన్నయ్య సిగరెట్లు, నా సైకాలజీ పాఠాలు

మనుషులు చెడ్డ అలవాట్లు ఎందుకు మానతారో, ఎందుకు మానరో తిరువూరులో బి.ఇడి. పిల్లలకు ఏటా పాఠం చెబుతాను. జబ్బు తనకూ వస్తుందన్న భయం ఉండాలి, మానితే లాభముందన్న నమ్మకం ఉండాలి, మానగలనన్న ధైర్యం ఉండాలి. అప్పుడే మనిషి మారతాడని బోర్డు మీద బాణాలు గీసి మరీ చెబుతాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. మా అన్నయ్య మాత్రం తన ఎరువుల కొట్టు బయట నిలబడి హాయిగా సిగరెట్టు కాలుస్తుండేవాడు.

నిరుడు అన్నయ్యకు గుండెలో స్టెంటు వేశారు. సిగరెట్టు మానకపోతే, రెండోసారి నొప్పి వచ్చినప్పుడు విజయవాడ దాకా తెచ్చే వ్యవధి కూడా ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇంకేం, భయమనే మొదటి బాణం చేతికి దొరికింది కదా అని నేను రంగంలోకి దిగాను. పొద్దున్నే ఫోన్ చేసి డాక్టరు మాట గుర్తుచేసేదాన్ని. సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగి మళ్ళీ గుర్తుచేసేదాన్ని. పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు వాట్సాప్‌లో పంపాను. "బొమ్మలు బాగున్నాయే" అన్నాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కార్తీకంలో అన్నయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు. అంతే, సిగరెట్టు మాయం. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకు చెప్పుల్లేవు, అయినా ఒక్క విసుగు లేదు. వదిన కూడా "స్వామీ, భిక్షకు రండి" అని అన్నానికి పిలిచేది. ఎ.కొండూరు నుంచి యూరియా కోసం వచ్చిన రైతులూ స్వామీ అనేవాళ్ళే. ఎదురుగా ఉన్న కిళ్ళీ కొట్టాయనైతే, అన్నయ్య అటు చూస్తే చాలు, దండం పెట్టేవాడు. నా బాణాలు చేయలేని పని ఒక పూసల దండ చేసిందని మొదట ఉక్రోషం వచ్చింది. నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. ఊరంతా స్వామీ అని పిలుస్తుంటే సిగరెట్టు ఎలా పట్టుకుంటాడు?

కానీ మాల ఎప్పటికైనా తీయాల్సిందే. తీసిన సాయంత్రమే కిళ్ళీ కొట్టు దగ్గర తేలిన స్వాములను మా బజారులో చాలామందిని చూశాను. అన్నయ్య కూడా అలాగే వెలిగిస్తే ఈసారి మనిషి దక్కుతాడా అని దిగులు పట్టుకుంది.

అందుకే అన్నయ్య శబరిమల నుంచి వచ్చేలోపు ఒక పథకం వేశాను. మాల తీసినా స్వామీ అనే పిలవమని కిళ్ళీ కొట్టాయననీ, టీ కొట్టాయననీ, అన్నయ్య కొట్టు గుమాస్తానీ, చివరికి వదిననీ బతిమాలాను. అన్నయ్య తిరిగొచ్చి, అమ్మ చేత మాల తీయించుకుని, మర్నాడు నేరుగా కిళ్ళీ కొట్టుకు నడిచాడు.

"ఏం కావాలి స్వామీ?"

"మాల తీసేశానయ్యా."

"అలాగా. సోడా కొట్టమంటారా స్వామీ?"

అన్నయ్య సోడా తాగి వచ్చేశాడు. టీ కొట్టులోనూ అదే వరస. కొన్నాళ్ళకు గుమాస్తా నోరు జారాడు. అన్నయ్య రుసరుసలాడుతూ మా ఇంటికొచ్చాడు.

"దీక్ష లేకుండా స్వామీ అనిపించుకోవడం తప్పే. ఇంతమంది చేత ఎన్నాళ్ళు ఆడిస్తావు ఈ నాటకం?"

"నువ్వు బతికున్నంత కాలం" అన్నాను. గట్టిగానే అన్నాను. అనేసి ఏడ్చేశాను.

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఇంకా ముట్టుకోలేదులే, ఏడవకు" అన్నాడు. "నాకు భయం లేదనుకున్నావా? నువ్వు డాక్టరు మాట ఎత్తినప్పుడల్లా గుండె దడదడలాడేది. ఆ దడ తగ్గడానికే ఇంకోటి వెలిగించేవాణ్ణి."

కళ్ళు తుడుచుకుని అన్నయ్య వైపు చూశాను.

"మాలలో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఆ మాటే ఎత్తలేదు. అన్నయ్య పోతాడేమో అన్న చూపు నీ మొహంలో లేదు. అన్నాళ్ళూ హాయిగా నిద్రపట్టిందే నాకు."