పెద్దల తర్వాతే మిగిలినవాళ్లకు ఫోన్

పదిమందిని ఒకేసారి పిలవగలిగినప్పుడు ఒక్కొక్కరినే పిలుస్తూ కూర్చుంటారా? ఈ రోజు నేను కూర్చున్నాను.

మార్కాపురం ఆసుపత్రిలో, నేను పాస్టరుగా ఉన్న చర్చి సంఘపు బాలింతకు ఓ నెగటివ్ రక్తం కావాలన్నారు. సంఘంలో అందరికీ ఫోన్ చేసి నా మాట వినిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకటి పీహెచ్‌పీ భాషలో సొంతంగా నేర్చుకుని రాసుకున్నాను. అందులో సంఘపెద్దలు ముందు, కూలికి పోయేవాళ్లు చివర. ఒకరి ఫోన్ ముగిస్తేనే ఇంకొకరికి పోతుంది. గంట గడిచినా అది పెద్దల దగ్గరే ఉంది.

కంప్యూటర్ చదివిన మేనకోడలు చూసి నవ్వింది.

"ఏంది మామా ఇది? అందరి తగవులు ఒక్కడివే తీర్చొద్దు, పని పంచమని బైబిల్ వాక్యం చెప్పినావే మొన్న."

"అది మనుషులకమ్మా."

"దీనికీ అంతే. పేర్లు పది భాగాలు చేసి, నీ ప్రోగ్రామ్‌నే పది ప్రాసెస్‌లుగా ఒకేసారి నడిపిస్తా."

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. "అన్నా, నాది ఆ గ్రూపే. కొమరోలులో బస్సెక్కినా." మిరప చేలో కూలికి పోయే అక్క. నా వరుసలో ఆమెదే చిట్టచివరి పేరు.

వాక్యం దేవునిది, ఆ వరుస మాత్రం నాది. మీ వరుసలో చివర ఎవరున్నారో కింద రాయండి. బాలింతకు ఇంకొక సీసా కావాలి. ఓ నెగటివ్ ఉన్నవాళ్లు మీ వంతు కోసం చూడకండి, ఇప్పుడే బయలుదేరండి.