అమ్మ ఇంగ్లీషు, కూతురు కంప్యూటర్స్

మాచర్లలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్లకు ఏడాదికి రెండు పనులుంటాయి. కాలేజీ తెరిచి ఉన్నన్నాళ్ళూ పాఠం చెప్పడం ఒకటి. ఎండలు ముదిరాక ఊళ్ళ మీద పడి, ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, మా కాలేజీలో చేరమని అడగడం రెండోది. రెండో పని సరిగ్గా చెయ్యకపోతే మొదటి పని ఉండదు.

నేను ఇంగ్లీషు చెబుతాను. మాది నరసరావుపేట. నాన్నకు కిరాణా కొట్టుంది. మా చుట్టాల్లో ఎంఏ ఇంగ్లీషు చదివింది నేనొక్కదాన్నే. నాన్న ఆ సంగతిని ఎవరికైనా చెప్పాల్సి వస్తే "పెద్దమ్మాయికి ఇంగ్లీషు" అని ఆగిపోయేవాడు. వినేవాళ్ళు "ఎప్పట్నుంచి? మందులు వాడుతున్నారా?" అని అడుగుతారేమో అనిపించేది.

ఆ ఏడు వేసవిలో మా కరస్పాండెంట్ గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి, బీఏ స్పెషల్ ఇంగ్లీషులో పదిమందైనా చేరకపోతే సెక్షన్ ఎత్తేస్తామని చెప్పారు. కోపంగా ఏం చెప్పలేదు. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ చెప్పారు. మర్నాడు పొద్దున్నే కాలేజీ వ్యాన్ నన్నూ, కంప్యూటర్స్ చెప్పే సారునూ దుర్గి దగ్గర ఒక ఊళ్ళో దించి వెళ్ళిపోయింది.

కంప్యూటర్స్ సారు చేతిలో బ్రోచర్ ఉండేది. దాన్నిండా గాజు అద్దాల మేడల బొమ్మలు. వాటికీ మా కాలేజీకీ ఏ సంబంధమూ లేదు, ఉందని ఆయన కూడా ఎప్పుడూ అనలేదు. బొమ్మ చూపించి ఊరుకునేవాడు. నా చేతిలో ఏమీ ఉండేది కాదు.

మూడో ఇల్లో నాలుగో ఇల్లో ఒక మిరప రైతుది. వరండాలో మంచం మీద ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన భార్య కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. నలభైకి దగ్గరలో ఉంటుంది. కూతురు ఇంటర్ పాసైంది. మాకు కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చారు. సారు బ్రోచర్ తెరిచి మేడలు చూపించాడు. తర్వాత నా వంతు వచ్చింది.

"ఇంగ్లీషు చదివితే ఏం ఉద్యోగం వచ్చిద్ది మేడం?" అని ఆవిడ అడిగింది. ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్నే.

"చాలా రకాలున్నాయండీ" అన్నాను.

"రకాలు గాదు. మీ దగ్గర చదివినోళ్ళు ఇప్పుడేం చేస్తన్నారు?"

ఈ ప్రశ్న మాత్రం అంతకుముందు ఎవరూ అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకమ్మాయి నరసరావుపేటలో ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంటోంది. ఇద్దరు బీఈడీ చేసి స్కూళ్ళలో చెబుతున్నారు. ఒకబ్బాయి కానిస్టేబుల్ అయ్యాడు. ఒకమ్మాయి ఫోన్లో చీరలు అమ్ముతోంది. ఒకబ్బాయి పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ దగ్గర సూపర్‌వైజరు.

"సున్నపు బట్టీకి ఇంగ్లీషెందుకు?"

"అక్కర్లేదండీ."

కంప్యూటర్స్ సారు గట్టిగా దగ్గాడు.

"మరి మీరు?"

"నేను ఇదిగో, ఇట్లా ఎండలో తిరుగుతున్నా."

ఆవిడ మిషను ఆపి నవ్వింది. సారు గాజు మేడలకు రాని నవ్వు అది. కానీ కూతురు మాత్రం నా వైపు చూడకుండానే "నాకు కంప్యూటర్సే" అంది. "రాసుకోండి సార్, మా పిల్లకి కంప్యూటర్స్" అని తల్లి కూడా చెప్పింది. సారు కూతురి వివరాలన్నీ రాసుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, మీరు కూర్చోండి. నా పేరు కూడా రాసుకోండి."

"తల్లి పేరు సారు రాసుకున్నారండీ."

"అది గాదు. ఇంగ్లీషుకి."

మంచం మీదున్న భర్త ఫోన్లోంచి తలెత్తాడు. "ఏందే?"

"ఇంగ్లీషు."

"ఎవరికి?"

"నాకే. నేనూ ఇంటర్ పాసైనదాన్నే గదా. పెళ్ళని మాన్పించారు."

"ఇప్పుడు దేనికి?"

ఆవిడ దేనికో చెప్పింది. కూతురు చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదివింది. పేరెంట్స్ మీటింగ్‌కు ఎప్పుడూ ఈవిడే వెళ్ళేది. ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో ఏదో చెప్పేవాడు, ఈవిడ తలూపేది, బయటికొచ్చాక కూతురు దాన్ని తెలుగులో చెప్పేది. ప్రతిసారీ కూతురు చాలా తెలివైనదనీ, కొంచెం ఆటలు కూడా ఆడనివ్వాలనీ ప్రిన్సిపాల్ చెప్పినట్టు తేలేది. పదో తరగతిలో ఆ ప్రిన్సిపాల్ మారి తెలుగులో మాట్లాడే ఆయన వచ్చాడు. ఆయన చెప్పింది విన్నాక గానీ అన్నేళ్ళూ కూతురు మార్చి చెప్పిందని ఈవిడకు తెలియలేదు.

"ఇదీ మేడం సంగతి. కన్నకూతురే మోసం చేసింది. ఇంకెవరూ చెయ్యకుండా చూసుకోవాలి గదా."

కూతురు గోడకేసి చూస్తూ నిలబడింది. భర్త, "మరి బర్రెలు?" అన్నాడు.

"పొద్దున నేను పిండి పోతా. సాయంత్రం నువ్వు పిండు."

"నాకు పాలు పిండటం రాదు."

"నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం నేర్చుకుందాం."

ఆయన మళ్ళీ ఫోన్లోకి చూశాడు. వద్దని మాత్రం అనలేదు. నేను పేరు రాసుకున్నాను. వ్యాన్‌లో తిరిగి వస్తుంటే కంప్యూటర్స్ సారు, "ఇది లెక్కలోకి వస్తుందా మేడం?" అని అడిగాడు. వయసుకు ఏ అడ్డూ లేదని కాలేజీ ఆఫీసులో తేలింది. ఆవిడతో కలిపి తొమ్మిదిమంది అయ్యారు. కరస్పాండెంట్ గారు ఇంకో ఏడాది చూద్దామన్నారు.

తల్లీకూతుళ్ళు ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. బస్టాండులో దిగాక కూతురు ముందు నడిచేది, తల్లి వెనక. ఆవిడెవరని స్నేహితులు అడిగితే మా ఊరావిడేనని కూతురు చెప్పిందట. అబద్ధం కాదు. తల్లికి ఆ సంగతి తెలుసు. "పోనీండి మేడం, ఆ వయసులో నేనైనా అంతే" అంది. ఒకరోజు కూతురు టిఫిన్ డబ్బా బస్సులో మర్చిపోయింది. ఆకలికి ఆగలేక మా క్లాసు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. మొదట సైగలు చేసింది. ఆవిడ చూసి కూడా చూడనట్టు నోట్సు రాసుకుంటూ కూర్చుంది. చివరికి ఆ పిల్ల క్లాసంతా వినేలా "అమ్మా!" అనక తప్పలేదు. అప్పుడు ఆవిడ లేచి తన డబ్బా ఇచ్చింది.

నాకు వచ్చిన ఇబ్బంది వేరే. మిగతా పిల్లల్ని నువ్వు అనేదాన్ని, ఆవిడను మీరు అనేదాన్ని. అందరం ఒకే ఫీజు కడుతున్నాం కదా అని పిల్లలు తగువుకొచ్చారు. ఆలోచిస్తే వాళ్ళు చెప్పిందీ నిజమే. ఆవిడను నువ్వు అనలేను కాబట్టి అందర్నీ మీరు అనడం మొదలుపెట్టాను. అల్లరి కొంచెం తగ్గింది.

ఆవిడ ఇంగ్లీషు ఆవిడ మాటలాగే ఉండేది. ప్లీజ్ అనే మాట అందులో ఉండేది కాదు. అదొకసారి ఎత్తి చూపిస్తే, "మనం ఆ మాటని ఏమంటాం మేడం?" అని అడిగింది.

"కాస్త అంటాం. కాస్త జరగండి, కాస్త చెప్పండి."

"అయితే కాస్త ఉప్పెయ్యి అంటే, ప్లీజ్ సాల్టా?"

నేను బెల్లు కొట్టారేమో చూశాను. కొట్టలేదు.

మొదటి సెమిస్టర్‌లో ఆవిడ ఒక పేపరు తప్పింది. కవిత్వం పేపరు. కూతురు అన్నీ పాసైంది. ఫలితాలొచ్చాక ఆవిడ కాలేజీకి రావడం మానేసింది. ఒక వారం చూసి ఫోన్ చేశాను. భర్త ఎత్తాడు.

"ఏడ్చింది మేడం. ఇప్పుడు బాగానే ఉంది, బట్టలు ఉతుకుతంది."

"ఒక పేపరే కదండీ, మళ్ళీ రాసుకోవచ్చు. నేను మాట్లాడతాను, ఇవ్వండి."

"ఇస్తా. గట్టిగా చెప్పండి. బర్రె చేత తన్నులు తిని నేర్చుకున్నా నేను. ఇప్పుడు మానేస్తే నా కష్టం ఏం గాను?"

ఆవిడ ఫోన్ తీసుకుంది. నేను చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను. ఎంఏలో నేను కూడా కవిత్వం పేపరే తప్పానని చెప్పాను. అది నేను మా నాన్నకు కూడా చెప్పని సంగతి. "మీరా?" అంది. తర్వాత "నిజంగానా?" అంది. సోమవారం ముందు బెంచీలో కూర్చుని ఉంది. ఆ పేపరు రెండోసారికి పాసైంది, బొటాబొటి మార్కులతో. కవిత్వం అంటే ఆవిడకు చివరిదాకా పడలేదు. "చెప్పేదేదో చెప్పకుండా చుట్టూ తిరుగుతాడు మేడం" అనేది.

మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ అని ఒకటుంది. పిల్లలు ఎక్కడైనా కొన్నాళ్ళు పనిచేసి రావాలి, మేం వెళ్ళి చూసి మార్కులు వెయ్యాలి. కంప్యూటర్స్ వాళ్ళు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసేస్తారు. ఇంగ్లీషు వాళ్ళను పెట్టుకుంటామనే వాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. మా పిల్లలు చాలామంది కాలేజీ ఆఫీసులోనే ఫైళ్ళకు దారాలు కట్టి ఇంటర్న్‌షిప్ అనిపించారు. ఆవిడ అలా చెయ్యనంది. దుర్గి వెళ్ళి, రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయనను అడిగింది. ఆయనకు దూరదేశాల గుళ్ళ నుంచి కూడా బేరాలు వస్తాయి. వాళ్ళు పంపే మెసేజీలు చదివి జవాబు రాసేందుకు మనిషి లేక ఆయన ఊళ్ళో ఎవరు దొరికితే వాళ్ళ చేత రాయిస్తున్నాడు. జీతం లేకుండా చేస్తానంటే సరేనన్నాడు.

నేను చూడ్డానికి వెళ్ళినరోజు ఆస్ట్రేలియాలో ఒక గుడి కమిటీ ఆయన వీడియో కాల్‌లోకి వచ్చాడు. వాళ్ళకొక నంది కావాలి. ఉలుల చప్పుడు వినపడకుండా ఆవిడ ఫోన్ పట్టుకుని షెడ్డు చివరికి వెళ్ళింది. నేను మార్కులు వేసే నోట్సు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఆయన త్వరగా కావాలని ఇంగ్లీషులో అడిగాడు. "స్టోన్ ఈజ్ హార్డ్ సార్. హ్యాండ్ ఈజ్ స్లో" అని ఈవిడ చెప్పింది.

"మేడం, మీది ఏ ఊరండీ? మాది సత్తెనపల్లి పక్కన" అన్నాడు, శుభ్రమైన తెలుగులో.

ఈవిడ నా వైపు చూసింది. నా చేతిలో నోట్సు చూసింది. మళ్ళీ ఫోన్ వైపు తిరిగి, "వెరీ గుడ్ సార్. వెన్ యూ వాంట్ నంది?" అంది.

అక్కణ్ణుంచి ఆయన తెలుగులో అడుగుతూ, ఈవిడ ఇంగ్లీషులో చెబుతూ బేరం మొత్తం నడిచింది. నంది చెవులు, మెడలో గంటలు, పెట్టెలో సర్దే పద్ధతి, అన్నీ మాట్లాడారు. పెద్దాయన ఉలి పక్కన పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"ఆయన తెలుగాయనే గదమ్మా. ఈమె ఇంగ్లీషెందుకు మాట్లాడతంది?"

"మార్కులు ఇంగ్లీషుకండీ."

"అట్టానా. అయితే చానా బాగా మాట్లాడతంది. వెయ్యండి."

వేశాను. నంది బేరం కుదిరింది. ఇంటర్న్‌షిప్ అయ్యాక పెద్దాయన ఆవిడను ఉండిపొమ్మన్నాడు, ఈసారి జీతానికి. ఎంతని నేను అడగలేదు, ఆవిడే చెప్పింది. "మిరపకోతలకి పోతే ఇంతకంటే ఎక్కువే వచ్చిద్ది మేడం. కాకపోతే కోతలు ఏడాదంతా ఉండవు గదా. ఫ్యాన్ కూడా ఉండదు." ఆవిడ భర్త ఊళ్ళో వాళ్ళతో మా ఇంటిది ఆఫీసుకు పోయిందని చెబుతున్నాడట. పాలు ఇప్పుడు రెండు పూటలా ఆయనే పిండుతున్నాడు.

కూతురు డిగ్రీ మంచి మార్కులతో పాసై హైదరాబాదు వెళ్ళింది. హాస్టల్లో ఉండి ఇంకొక కోర్సు చేస్తోంది, ఇంటర్వ్యూలకు తిరుగుతోంది. అక్కడ అందరూ ఇంగ్లీషులోనే అడుగుతున్నారని మొదటి నెలలో అమ్మకు ఫోన్ చేసి ఏడ్చిందట. "ఏం చెప్పారు?" అని అడిగాను. "రోజూ రాత్రిపూట నాతో ఇంగ్లీషులో మాట్లాడమన్నా. మొదట సిగ్గుపడింది. ఇప్పుడు తిట్లు కూడా ఇంగ్లీషులోనే" అంది.

మా స్పెషల్ ఇంగ్లీషు సెక్షన్ ఆ బ్యాచ్‌తో ఆఖరు. వాళ్ళ తర్వాతి ఏడాది ముగ్గురే రావడంతో ఇక కొత్తవాళ్ళను తీసుకోలేదు. ఆ బ్యాచ్ వెళ్ళిపోయాక కరస్పాండెంట్ గారు, "సెక్షన్ పోయింది గానీ ఇంగ్లీషు పోలేదు కదమ్మా" అని నన్ను కామర్స్, కంప్యూటర్స్ పిల్లలకు జనరల్ ఇంగ్లీషు చెప్పమన్నారు. ఖాళీ అయిన మా గదిలో ప్రింటర్లు పెట్టారు. రెండు మూడు రోజులు అటువైపు వెళ్ళబుద్ధి కాలేదు. తర్వాత ప్రింటుకోసం వెళ్ళక తప్పలేదు.

సర్టిఫికెట్లు తీసుకోవడానికి ఆవిడ వచ్చినరోజు నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను. గుమాస్తా కొత్తవాడు.

"పేరెంట్స్‌కి ఇవ్వమమ్మా. స్టూడెంటే వచ్చి సంతకం పెట్టాలి."

"నేనే స్టూడెంట్‌ని."

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. సంతకం పెట్టించుకుని కాగితాలు ఇచ్చాడు. అందరూ వాటిని చూడకుండా కవర్లో పెట్టుకుని వెళతారు. ఆవిడ కౌంటర్ దగ్గరే నిలబడి, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. వెనక నలుగురు పిల్లలు ఆగారు. కాండక్ట్ సర్టిఫికెట్ దగ్గర వేలు ఆగింది.

"బాబూ, ఇందులో హిజ్ కాండక్ట్ అని ఉంది. నేను హిజ్ గాదు, హర్."

"అందరికీ అట్టానే ఇస్తామమ్మా. అది ఎవరూ చదవరు."

"నేను చదివా. మార్చు."

అతను పెన్నుతో కొట్టేసి పైన రాయబోయాడు. కొట్టివేతలొద్దంది. ప్రింటరు మా పాత గదిలో ఉంది కాబట్టి అతను అక్కడిదాకా వెళ్ళి కొత్తది తీసుకురావాల్సి వచ్చింది. ఆ కాసేపు ఆవిడ పక్కకు జరిగి వెనకవాళ్ళకు చోటిచ్చింది. అయితే ఆ నలుగురు పిల్లలు కూడా తమ కాగితాలు తీసుకుని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు.

మొన్నామధ్య మాచర్ల బస్టాండులో కనపడితే, ఆ సర్టిఫికెట్ ఎక్కడైనా పనికొచ్చిందా అని అడిగాను. బీరువాలో భద్రంగా ఉందనీ, ఇంతవరకూ ఎవరూ అడగలేదనీ చెప్పి, దుర్గి బస్సు రావడంతో ఎక్కి వెళ్ళిపోయింది.