పేరు మార్పుకి ఇరవై వేలు

కొత్తపేటలో కనకరాజు నడిపే మ్యాచింగ్ సెంటర్‌లో మెర్సీ పదకొండేళ్లు పనిచేసింది. ఏ చీరకి ఏ లైనింగు నప్పుతుందో ఒక్క చూపులో చెప్పేసేది. మోకాళ్ల నొప్పులతో కనకరాజు కొట్టు వదిలేస్తానన్నప్పుడు, డ్వాక్రా అప్పు తెచ్చి, గొలుసు తాకట్టు పెట్టి లక్ష రూపాయలకి తనే తీసుకుంది. సరుకుకి యాభై వేలు. కొట్టు యజమానురాలు అచ్చాయమ్మ దగ్గరున్న అడ్వాన్సుకి యాభై వేలు. ఆ సంగతి కాగితం మీద రాయించి కనకరాజు చేత సంతకం పెట్టించుకుంది కూడా.

అద్దె కాగితం తన పేరుకి మార్చమని వెళ్తే అచ్చాయమ్మ ఆశ్చర్యపోయింది. "అడ్వాన్సెక్కడుందమ్మా? ఎనిమిది నెలలు అద్దె కట్టలేదాయన. అందులో కోసేసుకోగా మిగిలింది పదివేలు. పేరు మార్పుకి ఇరవై వేలవుద్ది మరి."

కనకరాజంటే మెర్సీ పదకొండేళ్లు అన్నయ్యగారూ అని పిలిచిన మనిషి. అడగాలంటే తనకే సిగ్గేసింది. అయినా ఆదివారం ప్రార్థన అవగానే పలివెలలో ఆయనింటికి వెళ్లింది.

"పిల్ల చదువుకి ఇబ్బందై అద్దె ఆపేనమ్మా. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు," అన్నాడు కనకరాజు.

"ఆయ్, మీ ఇబ్బంది నాకు తెలుసండి. కానీ లేని డబ్బు నాకు అమ్మేరు. నలభై వేలు తిరిగివ్వండి. లేదంటే తాళాలు తీసుకుని నా లక్షా నాకిచ్చేయండి."

చూద్దామన్నాడు. తర్వాతి ఆదివారమూ వెళ్లింది. ఆ పై ఆదివారమూ వెళ్లింది. గొంతు పెంచలేదు, వీధిలో ఎవరికీ చెప్పలేదు. వరండాలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, అదే మాట అడిగి వచ్చేది. అయిదో వారం కనకరాజే కొట్టుకి వచ్చాడు. మోటార్‌సైకిల్ అమ్మేశాడట. నలభై వేలు బల్ల మీద పెట్టి, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. మెర్సీ ఆయన చూస్తుండగానే రసీదు రాసిచ్చింది.

ఆ డబ్బులోంచి ఇరవై వేలు పట్టుకుని అచ్చాయమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నిగారూ, పేరు మార్పుకని తీసుకుంటే ఇది పోయిన డబ్బేనండి. అడ్వాన్సుగా రాయండి. ఆ పదివేలతో కలిపి ముప్పై. నేను ఖాళీ చేసిన రోజు తిరిగిద్దురు గాని."

"ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదే!"

"నేను అద్దె ఆపనండి. అయిదో తారీకు దాటితే అడగండి."

అచ్చాయమ్మ డబ్బు తీసుకుని, ముప్పై వేలూ అడ్వాన్సుగా చూపిస్తూ కొత్త అద్దె కాగితం రాయించడానికి ఒప్పుకుంది.

మర్నాడు ఆ కాగితంలో ప్రతి వాక్యం మెర్సీ రెండుసార్లు చదివింది. 'తిరిగి ఇవ్వబడును' అన్న మాట లేదు. పెన్ను పక్కన పెట్టి, అది చేర్పించాకే సంతకం చేసింది.