దానయ్య తాత దాచిన చోటు

పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్ పేట దానయ్య తాతకి అబద్ధాలాడే అలవాటు లేదు, ఒక్క విషయంలో తప్ప. చేపలు ఎక్కడ పడ్డాయని అడిగితే మాత్రం ఆయన నోట నిజం వచ్చిన రోజు లేదు. దక్షిణాన పడితే ఉత్తరం అనేవాడు. రాళ్ళ మీద పడితే బురదలో అనేవాడు. గేలం వేసేవాళ్ళందరిదీ అదే తీరు. చోటు బయటికి పొక్కితే మర్నాటికి అక్కడ పది డుంగీ పడవలు చేరతాయి. అందుకని కట్టుకున్న గురమ్మకి కూడా చెప్పలేదు. ఆవిడ తమ్ముడు పోలిరాజుకైతే అసలే చెప్పలేదు.

అరవైల్లో, మీసం సరిగా మొలవని వయసులో, కళింగపట్నం దగ్గర పల్లె నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు తాత. దారి పొడుగునా కక్కుతూనే వచ్చాడని అదే ఓడలో వచ్చిన గురమ్మ చెబుతుంది. తాత ఒప్పుకోడు. ఇక్కడికొచ్చిన మూడో ఏడు ఆయనకా చోటు దొరికింది. డుంగీలోంచి చూస్తే లైట్‌హౌస్ కొన వెనకాలి కొండ నెత్తి మీద కూర్చున్నట్టు కనపడాలి. రెండో పక్క నీళ్ళ ట్యాంకు ఒంటి కొబ్బరిచెట్టు వెనక దాక్కోవాలి. ఆ రెండు గురుతులూ కుదిరిన చోట దారం వదిలితే ఎర్ర చేపలు వరస కట్టేవి. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళూ, రేకుల ఇల్లూ ఆ చోటి చలవే.

తాత డుంగీ మానేసిన ఆరేళ్ళకి మనవరాలు సింహాచలమ్మ ఆయన ముందు ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఆ పేరు కాలేజీలో పిలవలేక అందరూ సిమ్మీ అంటారు. అక్కడ కంప్యూటర్ చదువుతోంది. దాని మాటల్లో సగం హిందీ. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫోన్‌లో పనిచేసే మ్యాప్ ఒకటి తయారుచేస్తోంది. మ్యాప్‌లో సముద్రం మీద ఎక్కడ వేలు పెడితే అక్కడి సంగతి ముసలి జాలరి ఎవరో తన గొంతుతో చెబుతారు. అప్పుడెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని. పక్కనే నీటి కింద తీసిన ఫోటో ఉంటుంది. సముద్రం వేడెక్కి పగడపు రాళ్ళు తెల్లబడి చచ్చిపోతున్నాయని పుస్తకంలో రాస్తే ఎవరూ చదవరు, తాత చెబితే వింటారు అని దాని ఆశ.

తాత గొంతు సవరించుకుని రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అడుగున రాళ్ళు పువ్వుల గుత్తుల్లాగుండేవి. పచ్చవీ, ఊదావీ. గేలం తగులుకుంటే రంగు ముక్క పైకొచ్చీది. ఆకరిసారి ఏసినప్పుడు సున్నం ముక్కొచ్చింది. సేప ఒక్కటీ లేదు." అంతా నిజమే.

"ఎక్కడ తాతా? మ్యాప్ మే వేలు పెట్టు."

తాత వేలు దక్షిణానికి బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని, ఉత్తరాన మూడు మైళ్ళ దూరంలో దిగింది. ఆయన అనుకుని చేసింది కాదు. నలభై అయిదేళ్ళ అలవాటు వేలికుంది.

ఆదివారం కాలేజీ వాళ్ళు, నీటి కింద ఫోటోలు తీసే మనిషీ పడవలో వెళ్ళారు. తాత చూపిన చోట ఒట్టి బురద. బురదలో ఒక లారీ టైరు. కాలేజీలో ఈ పని చేయిస్తున్న గణేశ్వరరావు సారు సిమ్మీతో నెమ్మదిగానే అన్నాడట: "ఒక మాట తప్పయితే మిగతావి ఎవరు నమ్ముతారమ్మా? శనివారం కాలేజీ హాల్లో నలుగురికీ చూపించాలి. ఇలా అయితే నీ మ్యాప్ పెట్టలేం."

సిమ్మీ ఇంటికొచ్చి తాతని ఒక్క మాటా అనలేదు. అమ్మమ్మ గురమ్మ అడిగితే మాత్రం వంటింట్లో చెప్పింది. "తాతకి వయసైపోయింది నానీ, భూల్ గయా అని సార్‌కి చెప్పాను. పాపం, తాత తప్పేం లేదు."

అరుగు మీద ఆ మాట విన్న తాతకి చేతిలో టీ గ్లాసు బరువెక్కింది. తను సముద్రం మరిచిపోయాడా! తిట్టినా బాగుండేది. దొంగతనం చేసినవాణ్ణి, పాపం కళ్ళు కనపడక తీశాడని వెనకేసుకొచ్చినట్టుంది. టీ చల్లారింది. గురమ్మ తొంగి చూసి, "ఏటయ్యా, ఓడెక్కినట్టు మొగమెట్టావు?" అంది.

సిమ్మీ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఫోన్‌లో తాత గొంతు సగం పలికి ఆగింది.

"ఏటి సేస్తన్నావే గుంటా?"

"నీది తీసేస్తున్నాను తాతా. మిగతావాళ్ళవి చూడాలి."

"తియ్యకు." తాత నేల చూపులు చూశాడు. "నాను మరిసిపోలేదు. అబద్ధం సెప్పినాను."

సిమ్మీ ఫోన్ పక్కన పెట్టేసింది. "నాకా తాతా?"

"అలవాటే. చోటు సెప్పకూడదు."

"ఎవరి నుంచి దాస్తున్నావు? అక్కడ చేపలే లేవన్నావు కదా!"

నిజమే. ఖాళీ కుండకి మూత పెట్టి కాపలా కాస్తున్నాడు. అదీ సొంత మనవరాలి నుంచి.

మర్నాడు పొద్దున్నే తాతా, సిమ్మీ, ఫోటోలు తీసే మనిషీ బయల్దేరారు. దొరికిన పడవ పోలిరాజుది! తాత ముఖం ఇంకా మాడింది. గురుతులు బయటికి చెప్పక తప్పదు. "కొంచెం ఎడమకి... లైట్‌హౌస్ కొండ మీదకి రానీ... ట్యాంకు దాక్కుందా? ఆపరా, ఇదే."

పోలిరాజు ఇంజను ఆపి పగలబడి నవ్వాడు. "ఇదేనా బావా! ముప్పై ఏళ్ళు నానూ ఇక్కడే గేలమేసినాను. నువ్వొచ్చీ ముందే ఎళ్ళిపోయీవోణ్ణి!"

సిమ్మీ నడుం మీద చెయ్యి వేసుకుంది. "పోలిరాజు తాతా, మరి మ్యాప్‌లో నువ్వు నాకు చూపించిన చోటు వేరే కదా?"

పోలిరాజు నవ్వు ఆగింది. ఇంజను మీద లేని మసి తుడవడం మొదలుపెట్టాడు.

నీళ్ళలోకి దిగిన మనిషి పైకొచ్చి కెమెరా చూపించాడు. అడుగంతా తెలుపు. శ్మశానంలో ఎముకలు ఏరి కుప్ప పోసినట్టుంది. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

శనివారం హాల్లో సిమ్మీ మ్యాప్ పెద్ద తెర మీదకొచ్చింది. తాత గొంతు మళ్ళీ కొత్తగా రికార్డు చేశారు. "నాను దానయ్యని. మొదలు నా మనవరాలికి అబద్ధం సెప్పినాను. ఇప్పుడు సెప్పీది నిజం." హాల్లో అందరూ తెర వైపు తిరిగారు. తాత మాత్రం స్తంభం చాటున, చొక్కా గుండీ తిప్పుకుంటూ, తల దించుకుని నిలబడ్డాడు.

డెలానీపూర్ నుంచి వచ్చిన ఒకావిడ ఆయన్ని వెతికి పట్టుకుంది. "చాచా, ఆ జాగా ఇక్కణ్ణుంచి ఏ వైపు?"

తాత కుడిచెయ్యి ఉత్తరానికి లేచింది. ఎదురుగా సిమ్మీ చూస్తోంది. ఆయన ఎడం చేత్తో ఆ చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా దక్షిణానికి తిప్పాడు.